సేవ్ పోయిందని తిట్టినవాడు వేరు, మీ వీధి తెలుసన్నవాడు వేరు

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ కలిసి ఒక పీసీ గేమ్ తయారు చేస్తున్నాం. ప్రోగ్రామింగ్ అంతా వాడిది. బొమ్మలు, కథ, ప్లేయర్లతో మాట్లాడటం నా పని. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే ఇంకా పూర్తికాకముందే అమ్మకానికి పెట్టాక మంచి పేరే వచ్చింది. పోయిన నెల ఒక పెద్ద అప్‌డేట్ ఇచ్చాం. దాంతో చాలామందికి పాత సేవ్‌లు, అంటే ఎంతవరకు ఆడారో దాచుకున్న ఫైళ్లు తెరుచుకోవడం లేదు. ముప్ఫై, నలభై గంటలు ఆడినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. ఆ రాత్రి నుంచి వరసగా నెగెటివ్ రివ్యూలే. తమ్ముడు కోపం ఆపుకోలేక ఒకతనికి "ఇష్టం లేకపోతే ఆడకండి, మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు" అని జవాబిచ్చాడు. దాని స్క్రీన్‌షాట్ అన్నిచోట్లా తిరుగుతోంది. నా ఇన్‌స్టాగ్రామ్ వెతికి పట్టుకుని, రాయడానికి వీల్లేని బూతులు పంపుతున్నారు. ఒకతను మాత్రం చాలా మర్యాదగా, "మేడమ్, మీరు మియాపూర్‌లో ఉంటారు కదా, మీ వీధి కూడా తెలుసు" అని రాశాడు. అమ్మేమో "ఇదంతా మనకెందుకే, ఆ గేమ్ తీసేసి ఉద్యోగం చూసుకో" అంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. విమర్శ తీసుకోవడం నేర్చుకోవాలని అందరూ అంటారు. ఎంతవరకు తీసుకోవాలి? గేమ్ తీసేయమంటారా?
– పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీరు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ మర్యాద మెసేజ్ గురించే ముందు మాట్లాడాలి. మీకొచ్చిన వాటన్నిటిలో ఈ రోజే పట్టించుకోవాల్సింది అదే. అందులో బూతు లేదు, గేమ్ గురించి ఒక్క ముక్కా లేదు. ఉన్నదల్లా మీరెక్కడుంటారో తెలుసని చెప్పడం. సేవ్ పోయినవాడికి మీ వీధి పేరుతో పనేమిటి?

దాన్ని డిలీట్ చేయకండి, బ్లాక్ కూడా ఇప్పుడే చేయకండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి. అందులో అతని యూజర్ నేమ్, తేదీ, టైమ్ కనిపించాలి. ప్రొఫైల్ లింక్ విడిగా కాపీ చేసి పెట్టుకోండి, ఎందుకంటే ఇలాంటివాళ్లు పేరు మార్చుకుంటారు. బూతు మెసేజ్‌లకూ ఇదే పని. చదువుతూ కూర్చోవద్దు, తీసి ఒక ఫోల్డర్‌లో పడేయండి. చేతులు వణుకుతుంటే ఈ పని తమ్ముడికి గానీ నమ్మకమైన స్నేహితురాలికి గానీ అప్పగించండి. ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో రిపోర్ట్ కొట్టి, బ్లాక్ చేసి, అకౌంట్ ప్రైవేట్ చేయండి. ఇంటి బాల్కనీ, వీధి బోర్డు, బండి నంబరు కనిపించే పాత ఫొటోలు ఉంటే తీసేయండి. చాలాసార్లు అడ్రస్ దొరికేది వాటి నుంచే.

ఫిర్యాదు తప్పకుండా ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఇవ్వొచ్చు, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఇవ్వొచ్చు. తెలంగాణలో షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నాయి, ఆడవాళ్లను వెంటపడి వేధించే కేసులే వాళ్ల పని. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో బెదిరింపుకు 351వ సెక్షన్ ఉంది. ఎవరో తెలియకుండా దాక్కుని బెదిరిస్తే అదే సెక్షన్ కింద శిక్ష ఇంకా పెరుగుతుంది. ఇష్టం లేదని తెలిసీ వెంటపడితే 78, ఆడవాళ్ల గౌరవాన్ని కించపరిచే మాటలకు 79 ఉన్నాయి. మీ కేసుకు ఏది వర్తిస్తుందో వాళ్లు చూసుకుంటారు, మీరు సెక్షన్లు బట్టీ పట్టక్కర్లేదు. "గేమ్ మీద వచ్చిన కామెంట్లేగా అమ్మా" అని ఎవరైనా తేల్చేయబోతే, ఆ ఒక్క మెసేజ్ ప్రింటు తీసి ముందు పెట్టండి. అది గేమ్ గురించి కాదని వాళ్లకే అర్థమవుతుంది.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న: ఎంతవరకు తీసుకోవాలి?

చాలామంది మాట తీరును బట్టి గీత గీస్తారు. మర్యాదగా చెప్తే విమర్శ, తిడితే వేధింపు అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. మీ ఉత్తరమే దానికి సాక్ష్యం, అన్నిటికన్నా మర్యాదగా రాసినవాడే అన్నిటికన్నా ప్రమాదకరంగా ఉన్నాడు. చూడాల్సింది మాట దేని గురించి అన్నది. గేమ్ గురించైతే ఎంత మొరటుగా ఉన్నా అది ఫిర్యాదే, మీరు వినాలి. మీ ఒంటి గురించి, మీ ఇంటి గురించి, మీ పుట్టుక గురించైతే ఎంత తియ్యగా ఉన్నా అది ఫిర్యాదు కాదు, దానికి మీరు జవాబుదారీ కాదు. బస్సు రెండు గంటలు లేటయితే కండక్టర్ మీద అరిచే ప్రయాణికుడు ఉంటాడు. డ్యూటీ దిగాక అదే కండక్టర్ వెనకాలే ఇంటిదాకా నడిచేవాడూ ఉంటాడు. ఇద్దరికీ బస్సు లేటయి ఉండొచ్చు. కానీ ఇద్దరూ ఒకటి కాదు.

ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఇంగ్లాండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో ఉన్న హలో గేమ్స్ వాళ్లకు బాగా తెలుసు. వాళ్ల గేమ్ 'నో మ్యాన్స్ స్కై' 2016 ఆగస్టులో వచ్చింది. అంతకుముందు జూన్‌లో రావాల్సింది. కొన్ని వారాలు ఆలస్యమవుతుందని చెప్పగానే దాన్ని నడిపిస్తున్న షాన్ మరేకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆ ఆలస్యం వార్త రాసిన విలేఖరికి కూడా వచ్చాయి. గేమ్ విడుదలయ్యాక ఇంకా పెరిగాయి. ట్రైలర్‌లో కనిపించిన సీతాకోకచిలుకలు గేమ్‌లో లేవని చంపుతామన్నవాడు కూడా ఉన్నాడని మరే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. సీతాకోకచిలుకల కోసం!

అయితే అదే గుంపులో న్యాయమైన కోపం కూడా ఉంది. ఇద్దరు ప్లేయర్లు ఎదురుపడటం అరుదే గానీ సాధ్యమేనని విడుదలకు ముందు మరే చెప్పాడు. విడుదలైన వెంటనే ఇద్దరు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకుని చూస్తే, ఒకరికొకరు కనిపించలేదు. ఆ మాట నమ్మి డబ్బు పెట్టి కొన్నవాళ్లు మోసపోయామనుకోవడంలో తప్పేముంది? బెదిరింపులు వచ్చాయి కదా అని ఈ ఫిర్యాదు అబద్ధమైపోదు. ఫిర్యాదు నిజమే కదా అని బెదిరింపులు న్యాయమైపోవు. మీరు ఇదొక్కటి గట్టిగా పట్టుకోవాలి. ఎందుకంటే బూతులు తిట్టించుకున్నవాళ్లం కాబట్టి తప్పంతా అవతలివాళ్లదే అనిపించే గడియలు వస్తాయి. సేవ్‌లు పాడుచేశాం కాబట్టి ఈ బూతులు మనకు తగినవే అనిపించే గడియలూ వస్తాయి. రెండూ నిజం కాదు.

హలో గేమ్స్ అప్పుడు ఏం చేసింది? కొన్ని నెలలు దాదాపు నోరు మెదపలేదు. నవంబరులో 'ఫౌండేషన్' పేరుతో పెద్ద ఉచిత అప్‌డేట్ తెచ్చింది. ఆ తర్వాత ఒకటి వెంట ఒకటి తెస్తూనే ఉంది. 2018 జులైలో వచ్చిన 'నెక్స్ట్'తో ప్లేయర్లు నిజంగానే ఒకరినొకరు చూసుకుంటూ కలిసి ఆడగలిగారు. ఒకప్పుడు అట్టడుగున ఉన్న స్టీమ్ రేటింగ్ 2024 నాటికి 'వెరీ పాజిటివ్'కి చేరింది. ఈ కథ చెప్పి "నోరు మూసుకుని పని చేసుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. సగమే ఒప్పుకుంటాను. పని చేయడం సరైనదే. ఆ మొదటి నెలల మౌనం మాత్రం డబ్బు పెట్టినవాళ్ల మీద ఇంకో దెబ్బలా పడింది. మీరు అంత పెద్ద మౌనం పాటించొద్దు. ఒక్కసారి, సూటిగా, పూర్తిగా చెప్పండి. ఆ తర్వాత పని.

మీ గొడవకు ఇంతకన్నా దగ్గరిది ఇంకొకటి ఉంది. కెనడాలోని మాంట్రియల్ నుంచి 2012 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ మీద వచ్చిన 'ఫెజ్' అనే గేమ్. అదే ఏడాది జూన్‌లో ఒక ప్యాచ్ (లోపాలు సరిచేసే చిన్న అప్‌డేట్) ఇస్తే కొందరి సేవ్‌లు పాడయ్యాయి. ముందు ఆ ప్యాచ్ వెనక్కి తీసుకున్నారు. సరిచేసి మళ్లీ పెట్టాలంటే మైక్రోసాఫ్ట్‌కు సర్టిఫికేషన్ (తనిఖీ) కోసం పదుల వేల డాలర్లు కట్టాల్సి వస్తుందనీ, ఈ సమస్య ఒక శాతం కన్నా తక్కువ మందికేననీ చెప్పి జులైలో అదే ప్యాచ్‌ను మళ్లీ పెట్టేశారు. చిన్న టీమ్‌కు అది చాలా పెద్ద మొత్తం, వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఒక శాతంలో ఉన్నవాడికి శాతాల లెక్క చెప్తే ఎలా ఉంటుంది? వాడి గేమ్ నూటికి నూరు శాతం పోయింది. మీకు ఆ కష్టం లేదు. స్టీమ్‌లో అప్‌డేట్‌కు ఫీజు ఉండదు. కాబట్టి "కొద్దిమందికే" అనే మాట మీ జవాబుల్లో ఎక్కడా రానివ్వకండి.

ముందు చేయాల్సిన పని తమ్ముడిది. అప్‌డేట్‌లో సేవ్ ఫార్మాట్ మారితే పాత ఫైల్ తెరుచుకోకపోవచ్చు గానీ, చాలాసార్లు ఆ ఫైల్ ప్లేయర్ కంప్యూటర్‌లో అలాగే ఉంటుంది. కొత్త గేమ్ దాని మీద తిరగరాసేసిందా లేదా అన్నది ఈ రోజే తేల్చమనండి. ఫైల్ ఉంటే పాత ఫార్మాట్‌ను చదివి కొత్తదానికి మార్చే కోడ్ రాయొచ్చు. అది తయారయ్యేలోపు పాత బిల్డ్‌ను, అంటే అప్‌డేట్‌కు ముందున్న గేమ్‌ను స్టీమ్‌లో విడి బ్రాంచ్‌గా పెట్టండి. ప్లేయర్ గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బీటాస్‌లో దాన్ని ఎంచుకుంటే పాత సేవ్‌తో ఆడుకోవచ్చు. ఫైల్ పోయి ఉంటే పోయిందనే చెప్పండి. "చూస్తున్నాం, ప్రయత్నిస్తున్నాం" అని వారాలు సాగదీస్తే ఇప్పుడున్న కోపం రెట్టింపవుతుంది.

తర్వాత ఒక ప్రకటన. స్టీమ్‌లోనూ, ప్లేయర్లతో మాట్లాడే డిస్కార్డ్ చాట్‌లోనూ ఒకటే పెట్టి పైన పిన్ చేయండి. ఇలా ఉంటే చాలు:

"మేం ఇచ్చిన అప్‌డేట్ వల్ల పాత సేవ్‌లు తెరుచుకోవడం లేదు. విడుదలకు ముందు పాత సేవ్‌లతో పరీక్షించలేదు, తప్పు మాదే. పాత బిల్డ్ బీటాస్‌లో ఉంది, దాంతో మీ సేవ్ తెరుచుకుంటుంది. పాత సేవ్‌ను మార్చే ప్యాచ్ తయారు చేస్తున్నాం, శుక్రవారం సాయంత్రం ఎంతవరకు వచ్చిందో ఇక్కడే చెప్తాం. మా టీమ్‌లోని ఒకరు ఒక ప్లేయర్‌కు ఇచ్చిన దురుసు జవాబుకు క్షమాపణ చెప్తున్నాం."

మీకు వస్తున్న బూతుల గురించి ఇందులో ఎత్తవద్దు. ఎత్తారా, సేవ్ పోయినవాడికి మీరు మాట మారుస్తున్నట్టు అనిపిస్తుంది. దాని గురించి చెప్పాలనిపిస్తే కొన్ని రోజులయ్యాక, విడిగా రాయండి. ఇంకో మాట, శుక్రవారం అన్నారంటే ప్యాచ్ పూర్తి కాకపోయినా శుక్రవారం కనిపించాలి.

ఇప్పుడు రివ్యూలు. మీకు వచ్చినలాంటిది ఒకటి తీసుకుందాం: "38 గంటల సేవ్ గంగలో కలిసింది. డబ్బులు వెనక్కి ఇవ్వండి. దిక్కుమాలిన డెవలపర్లు." ఇందులో మూడు ముక్కలున్నాయి. మొదటిది బగ్ రిపోర్ట్. ఏ బిల్డ్ నుంచి ఏ బిల్డ్‌కు మారాడో అడిగి ఒక షీట్‌లో రాసుకోవాలి. రెండోది డబ్బు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడితేనే స్టీమ్ మామూలుగా రీఫండ్ ఇస్తుంది. అది దాటినా అడగొచ్చు, ఇవ్వాలో వద్దో స్టీమ్ తేలుస్తుంది. అది మీ చేతిలో లేదని మర్యాదగా చెప్పాలి. మూడోది కోపం. దాన్ని అలా వదిలేయాలి. వాదించకూడదు, బుజ్జగించకూడదు. వాడు 38 గంటలు మీ గేమ్‌తో గడిపాడు, నచ్చకుండా ఎవరూ అంతసేపు ఆడరు. డెవలపర్ జవాబు ఆ రివ్యూ కిందే అందరికీ కనిపిస్తుంది కాబట్టి, మీరు రాసేది వాడితో పాటు రేపు గేమ్ కొందామా అని చూసేవాడు కూడా చదువుతాడు. రెండు మూడు వాక్యాలు చాలు. రివ్యూ మార్చమని మాత్రం అడగకండి. సేవ్ తిరిగి వస్తే మార్చేవాళ్లు వాళ్లే మారుస్తారు. స్టీమ్ 'రీసెంట్' రేటింగ్ గత 30 రోజుల రివ్యూలను బట్టే ఉంటుంది, కాబట్టి ఈ నెల మచ్చ అక్కడ ఎల్లకాలం ఉండదు. మనిషిని బూతులు తిట్టే రివ్యూ ఉంటే రిపోర్ట్ చేయొచ్చు. కేవలం నెగెటివ్‌గా ఉందని రిపోర్ట్ చేయకండి.

విన్నదల్లా చేయాలని కూడా లేదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉండే టీమ్ చెర్రీ 2025 సెప్టెంబరు 4న 'సిల్క్‌సాంగ్' విడుదల చేసింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన గేమ్ అది. చైనీస్ ప్లేయర్ల నుంచి మాత్రం నెగెటివ్ రివ్యూలు కుప్పలుగా వచ్చాయి, ముఖ్యంగా అనువాదం బాగాలేదని. టీమ్ ఆ సమస్యను ఒప్పుకుని అనువాదం సరిచేస్తామని చెప్పింది. ఇంకోపక్క గేమ్ మరీ కష్టంగా ఉందని గోల. దానికి తొలి ప్యాచ్‌లలో ఆరంభంలో వచ్చే ఒకటి రెండు బాస్ ఫైట్లను (పెద్ద శత్రువులతో పోరాటాలను) కాస్త తేలిక చేశారు గానీ గేమ్ మొత్తాన్ని సులభం చేయలేదు. అనువాదం బాగాలేకపోవడం లోపం, కష్టంగా ఉండటం వాళ్లు ఎంచుకున్న తీరు. మీకూ ఇదే. సేవ్ పోవడం లోపం, ఎవరూ వాదించలేరు. కానీ ఈ గొడవలోనే "కథ తీసేయండి, ఫైటింగ్ పెట్టండి" అని కూడా కొందరు అని ఉంటారు. తప్పు చేశామన్న భావంలో ఉన్నప్పుడు అలాంటివన్నీ ఒప్పేసుకోవాలనిపిస్తుంది. ఈ నెల డిజైన్ మార్పుల గురించి ఎవరికీ ఏ మాటా ఇవ్వకండి.

తమ్ముడి సంగతి. అతను చెడ్డవాడు కాదు, అక్కను తిడుతుంటే ఏ తమ్ముడికైనా రక్తం మరుగుతుంది. కానీ ప్లేయర్లతో మాట్లాడే అకౌంట్ల పాస్‌వర్డ్‌లు కొన్నాళ్లు అతని దగ్గర ఉండొద్దు. మీ దగ్గరా ఉండొద్దనే అంటాను. గేమ్‌లో వాటా లేని స్నేహితులెవరైనా ఉంటే రెండు మూడు వారాలు రివ్యూలు, డిస్కార్డ్ వాళ్లను చూడమనండి. వీలైతే కొంత డబ్బు ఇవ్వండి, ఊరికే చేయించుకోవద్దు. వాళ్లు సాయంత్రం ఒకసారి షీట్ పంపుతారు: ఏ బగ్, ఎంతమందికి, ఏ బిల్డ్‌లో. మీరు చదివేది ఆ షీట్ మాత్రమే. డిస్కార్డ్‌లో మెసేజ్‌కు మెసేజ్‌కు మధ్య కాస్త ఆగాల్సి వచ్చేలా స్లో మోడ్ పెట్టి, బూతు మాటలను ఆటోమోడ్‌తో ఆపేయించండి. పడుకునే గదిలోకి ఫోన్ వద్దు. ఇంత చేసినా నిద్ర రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

గేమ్ తీసేయాలా అన్నారు. వద్దు, ఇప్పుడు వద్దు. ఇందాక చెప్పిన 'ఫెజ్' తయారు చేసిన ఫిల్ ఫిష్, 2013 జులైలో ఒక గేమ్ విమర్శకుడితో ట్విట్టర్‌లో మాటామాటా పెరిగాక 'ఫెజ్ 2'ను రద్దు చేసి ఈ రంగం నుంచే వెళ్లిపోతున్నానన్నాడు. దాంతో వేధింపులు ఆగాయా? మరుసటి ఏడాది ఆగస్టులో అతని కంపెనీ అకౌంట్లు హ్యాక్ చేసి సొంత వివరాలన్నీ బయటపెట్టారు. హనోయ్ కుర్రాడు డాంగ్ గుయెన్ 2014 ఫిబ్రవరిలో తన ఫోన్ గేమ్ 'ఫ్లాపీ బర్డ్' తీసేశాడు. అతని కారణాలు వేరు, ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. నేను చెప్పేది ఒక్కటే, గేమ్ తీసేసినంత మాత్రాన వేధించేవాళ్లు పోరు. సేవ్ పోయి మీ ప్యాచ్ కోసం చూస్తున్న మంచివాళ్లు మాత్రం నష్టపోతారు.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే మీరు ఆడపిల్ల కాబట్టి ఇది మీకు ఎదురవుతూనే ఉంటుంది. తప్పు కోడ్‌లో జరిగింది, కోడ్ తమ్ముడిది, దురుసు జవాబూ అతనిదే. బూతులు మాత్రం మీకు వచ్చాయి. 2014లో అమెరికాలో జోయి క్విన్ అనే డెవలపర్ మీద గుంపుగా పడ్డప్పుడు కూడా దాని మొదలు గేమ్‌లోని లోపం కాదు, ఆమె మాజీ ప్రియుడు రాసిన రాతలు. బెదిరింపులు భరించలేక ఆమె ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. అందుకే "గేమ్ బాగు చేస్తే ఇవీ ఆగుతాయి" అనుకుని రాత్రింబవళ్లు పని చేయకండి. ప్యాచ్ ఆపగలిగేది సేవ్ పోయినవాడి కోపాన్నే. మిగతాది బ్లాక్‌తో, రిపోర్ట్‌తో, పోలీసు ఫిర్యాదుతో ఆగాల్సిందే.

అమ్మగారి మాట తేలిగ్గా తీసుకోకండి. ఆవిడ భయం గేమ్ గురించి కాదు, ఆ వీధి మెసేజ్ గురించి. స్టేషన్‌కు ఆవిడను కూడా తీసుకెళ్లండి. ఫిర్యాదు రసీదు ఆవిడ కళ్లతో చూస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఉద్యోగం చేయాలా వద్దా అన్నది వేరే లెక్క. ప్యాచ్ వచ్చాక రెండు మూడు నెలల అమ్మకాలు, చేతిలో మిగిలిన డబ్బు, తమ్ముడూ మీరూ ఇంకెన్నాళ్లు ఇలా నెట్టుకురాగలరో ముగ్గురూ కూర్చుని కాగితం మీద వేసి చూడండి. ఆ లెక్కలో ఈ నెల కామెంట్లకు చోటివ్వకండి.